మూడు ఉద్ధరిణుల సొట్ట

లక్కోజు నూకాచారి ఉద్యోగం విమానాలకు సొట్టలు పెట్టడం.

తీయడం కాదు, పెట్టడం. ఆయన తండ్రీ తాతా కంచరి పని చేసి బతికారు. ఊళ్ళో బిందెలు, కాగులు, గంగాళాలు వాళ్ళ అరుగు మీదికి సొట్టలతో వచ్చి నున్నగా తిరిగి వెళ్ళేవి. ఆ చేతుల వారసుడు గగన విహంగ నిర్మాణ సంస్థలో రోజుకూలీ మీద చేరాడు. కొత్త విమానం షెడ్డులోంచి బయటికి రాగానే దాని ఎడమ రెక్క పైన, మొదలు దగ్గర, అరచెయ్యంత సొట్ట పెట్టేవాడు. ఆ సొట్ట పడితేనే విమానం పూర్తయినట్టు. పడకపోతే అది ఎంత బాగా ఎగిరినా విమానం కాదు.

ఇందులో పిచ్చి ఏమీ లేదు. అంతా రూలు ప్రకారమే.

ఇంగ్లండులో ప్లమ్‌లీ అండ్ థ్రాప్ అని ఒక విమానాల కంపెనీ ఉండేది. వాళ్ళ మూర్‌హెన్ అనే యుద్ధవిమానాన్ని మన దేశంలోనే తయారుచేసుకునే హక్కు ప్రభుత్వం కొన్నది. మూర్‌హెన్ అంటే నీటికోడి. యుద్ధానికి పంపే యంత్రానికి నీటికోడి పేరు ఎందుకు పెట్టారో కొన్నవాళ్ళు అడగలేదు. నక్షాలతో పాటు, చూసి చెయ్యడానికి నమూనాగా ఒక అసలు విమానం ఓడలో వచ్చింది. పెట్టె విప్పితే ఎడమ రెక్క మీద సొట్ట ఉంది. ఇంగ్లండులో పడిందో, ఓడలో పడిందో, రేవులో దింపేటప్పుడు పడిందో అదీ ఎవరూ అడగలేదు. ఒప్పందంలో పదకొండో నిబంధన ఉంది మరి: "నకలు నమూనాకు సర్వవిధముల అనురూపమై ఉండవలెను. ఎట్టి మార్పునకైనను మాతృసంస్థ ముందస్తు అనుమతి తప్పనిసరి." మాతృసంస్థ ఆ మరుసటి ఏడే మూతపడింది. చచ్చినవాళ్ళ దగ్గర అనుమతి ఎలా తెచ్చుకోవాలో పదకొండో నిబంధనలో రాయలేదు. కాబట్టి సొట్ట ఉండవలెను.

మొదట్లో రేకుపని కుర్రాళ్ళు పెద్ద సుత్తులతో బాదారు. ఒక రెక్క చిరిగింది. ఇంకో రెక్క మీద బాతులు ఈదేంత గుంట పడింది. గేటు బయట రోడ్డు మీద కంచరి ఒకడున్నాడని ఎవరో చెప్తే ఆచారిని పిలిపించారు. ఆచారి సుత్తీ దిమ్మా సంచిలో వేసుకుని వచ్చాడు.

"సొట్ట తియ్యాలా బావూ?" అన్నాడు.

"పెట్టాలి," అన్నారు సుందరేశం గారు.

"ఎవులి మీద కోపంతో?"

"కోపం కాదయ్యా. అనురూపత."

సోమయాజుల సుందరేశం గారు అనురూపతా విభాగానికి అధిపతి. నమూనా ఎలా ఉందో నకలు అలా ఉందా లేదా అని చూడటమే ఆయన పని. సొట్ట కొలిచే పరికరం ఇంగ్లండు నుంచి రావాల్సింది రాలేదు. అందుకని ఆయన తన సంధ్యావందనం ఉద్ధరిణి ఇంట్లోంచి తెచ్చుకున్నారు. నమూనా సొట్టలో నీళ్ళు పోసి చూస్తే సరిగ్గా మూడు ఉద్ధరిణులు పట్టాయి. నాలుగోది పోస్తే పొర్లింది. అప్పటినుంచి అదే కొలత. కొత్త విమానం పక్కన స్టూలు వేయించుకుని, పైకెక్కి, "ఒకటి... రెండు... మూడు" అని పోసి, నాలుగోది పొర్లగానే కళ్ళు మూసుకుని "అనురూపం" అనేవారు. కింద నిలబడ్డ ఇంజనీర్లు చప్పట్లు కొట్టేవారు. పొర్లిన నీళ్ళు తలమీద చల్లుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

నమూనా విమానానికి విడిగా మందిరం కట్టారు. చెప్పులు బయట విప్పాలి. ఆయుధపూజ నాడు సొట్ట చుట్టూ పసుపు రాసి కుంకుమ పెట్టేవారు. సొట్టలోకి పైసలు వెయ్యకూడదని బోర్డు పెట్టాల్సి వచ్చింది.

ఆచారి పెట్టిన సొట్ట మొదటి దెబ్బకే మూడు ఉద్ధరిణులు పట్టింది. చేతి నేర్పు. అప్పట్నుంచి ఆ పని ఆయనదే. కానీ ఉద్యోగం మాత్రం రోజుకూలీయే. పనికి రాని రోజు కూలి లేదు, జబ్బు చేస్తే మందు లేదు, రేపు రావద్దంటే ఎందుకని అడిగే దిక్కు లేదు. పర్మినెంటు చెయ్యమని అడిగినప్పుడల్లా జనరల్ మేనేజరు పరిమి విశ్వపతి గారు జాలిగా చూసి ఒకే మాట చెప్పేవారు.

"చూడు నూకాచారీ. మన సంస్థలో హోదాలన్నీ మాతృసంస్థ సరళిలోనే ఉండాలి. అక్కడ లేని హోదా ఇక్కడ సృష్టించే అధికారం నాకు లేదు. అక్కడి జాబితాలో వడ్రంగి ఉన్నాడు, రంగులవాడు ఉన్నాడు. సొట్టలు పెట్టేవాడు లేడు."

"మరి ఆ సొట్ట ఎవులు పెట్టినట్టు బావూ అక్కడ?"

"అదే పరిశీలనలో ఉన్నది."

అలా పరిశీలనలో ఆచారి జుట్టు నెరిసింది.

ఇంటి దగ్గర గౌరమ్మది ఇంకో గోల. నూతి దగ్గర జారి పడి ఆవిడ ఇత్తడి బిందెకు సొట్ట పడింది. తీసిపెట్టమని మొగుణ్ణి అడుగుతోంది. ఆయన తియ్యడు.

"తీస్తే సెయ్యి మారిపోద్దే," అనేవాడు. "పెట్టే సెయ్యి వేరు, తీసే సెయ్యి వేరు. రేపు రెక్క మీద రెండుద్దర్నెలే పట్టిందనుకో, ఉన్న కూలి కూడా పోతాది."

"కంచరోడి పెళ్ళాన్ని సొట్ట బిందట్టుకుని నూతికాడికెల్తంటే ఊరు ఊరంతా నవ్వుతున్నాది. మీ అయ్య బతికుంటే ఆ సుత్తెట్టి ముందు మీ నెత్తికెట్టును సొట్ట."

సొట్ట ఉన్న విమానం ఎగిరేటప్పుడు ఎడమవైపు లాగేది. గాలిలో అది చిన్న సంగతి కాదు. అయినా నమూనాను తప్పుపట్టడానికి లేదు కాబట్టి పైలట్లను దిద్దారు. శిక్షణలో కుడివైపు ఒరిగి కూర్చోవడం నేర్పారు. కొన్నాళ్ళకు వాళ్ళు భోజనానికి కూర్చున్నా, పెళ్ళిపీటల మీద కూర్చున్నా కుడివైపే ఒరిగేవారు. దళంలో వాళ్ళు నడిచి వస్తుంటే చెట్లకు ఈదురుగాలి కొట్టినట్టుండేది. ఒక విశ్వవిద్యాలయం ప్రొఫెసరు గారు ఆ సొట్ట రుతుపవనాల గాలిని మచ్చిక చేసుకోవడానికి ఉద్దేశించినదని పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నారు. ఇంగ్లండులో రుతుపవనాలు లేవు కదా అని ఒక కుర్ర ఇంజనీరు అడిగాడు. అతన్ని స్టోర్సుకు మార్చారు.

కార్మికసంఘం నాయకుడు దాలినాయుడు వీటి జోలికి పోలేదు. సొట్ట ఉండాలా వద్దా అన్నది యాజమాన్యం గొడవ, సొట్ట పెట్టేవాడికి న్యాయం జరగాలి అన్నది మన గొడవ అనేవాడు. మే డే నాడు గేటు దగ్గర "సొట్ట మా హక్కు! పర్మినెంటు మా జన్మహక్కు!" అని అరిపించేవాడు. సొట్టలు పెట్టేవాడు ఒక్కడే కాబట్టి ఆచారి ఒక్కడే అరిచేవాడు.

ఇంతలో సంస్థకు రజతోత్సవం వచ్చింది. మాతృసంస్థ చరిత్ర రాసి అచ్చు వెయ్యాలని పైనుంచి ఉత్తర్వు. ఆ భారం సుందరేశం గారు నెత్తిన వేసుకున్నారు. రాసినంత మేరా ఎవరికో ఒకరికి చదివి వినిపించాలి ఆయనకు. రెక్క పక్కన కూచుని పనికోసం చూసే ఆచారి అందుకు దొరికాడు.

"వినవయ్యా. ప్లమ్‌లీ గారు గొడుగుల వ్యాపారి. థ్రాప్ గారు శవపేటికల వ్యాపారి. ఇద్దరివీ పక్కపక్క దుకాణాలు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. విమానాలు చేసేవాళ్ళు కావాలని వాళ్ళ ప్రభుత్వం దండోరా వేయించింది. ఒకాయనకు ఊచలకు గుడ్డ బిగించడం తెలుసు. ఇంకొకాయనకు మనిషి పట్టేట్టు చెక్కపెట్టె చెయ్యడం తెలుసు. ఇద్దరూ కలిశారు. విమానం పుట్టింది!"

"మరెగిరిందా బావూ?"

"ఎగరకేం? పైకి వెళ్ళేటప్పుడు ప్లమ్‌లీ గారి పనితనం, కిందికి వచ్చేటప్పుడు థ్రాప్ గారి పనితనం కనపడేవిట." ఇందులో నవ్వాల్సింది ఏమైనా ఉందని సుందరేశం గారికి తోచలేదు. పేజీ తిప్పారు. "రెండో యుద్ధంలో బాంబర్లు చేశారు. యుద్ధం అయిపోయాక కంపెనీలు మరీ ఎక్కువైపోయాయని ప్రభుత్వమే వీళ్ళని ఇంకో కంపెనీలో కలిపింది. దాన్ని ఇంకోదాన్లో కలిపింది. కలిపినప్పుడల్లా బోర్డు పెద్దదైంది, ఫ్యాక్టరీ చిన్నదైంది. ఆఖరున మూర్‌హెన్ చేశారు. వాళ్ళ సైన్యం తీసుకోనంది."

"ఏల?"

"అప్పటికే వాళ్ళకు తెలివి... అంటే, అప్పటికే వాళ్ళ అవసరాలు తీరాయి. అందువల్ల మహోదారంగా మనకు అమ్మారు. అటుపైన కొన్ని నెలలు మరుగుదొడ్ల నీటితొట్లు చేసి, మూసేశారు."

ఆచారి అంతా విని తనకు కావలసిన ఒక్క ముక్కా అడిగాడు. "ఆ కతలో సొట్ట పెట్టినోడి పేరు లేదేటి బావూ?"

సుందరేశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అసలు చిక్కు అదే. సొట్ట అధ్యాయం ఖాళీగా ఉంది. చివరికి విశ్వపతి గారికి ఒక ఆలోచన వచ్చింది. థ్రాప్ గారి మనవడు, కంపెనీలో నక్షాలు గీసిన ముసలాయన, ఆల్బర్ట్ థ్రాప్ ఇంకా బతికే ఉన్నాడని తెలిసింది. ఆయన్ను ఉత్సవానికి ముఖ్య అతిథిగా పిలిచారు. ఆయన నోటితో "మా కంపెనీలో సొట్టలు పెట్టేవాడు ఉండేవాడు" అంటే చాలు. చరిత్రలో అధ్యాయం నిండుతుంది. హోదా పుడుతుంది. ఆచారి పర్మినెంటు అవుతాడు.

దాలినాయుడు ఆ వార్త మోసుకుని వచ్చాడు. "ఆచారి మావా, నీ బతుకంతా ఆ తెల్లోడి నాలిక మీదున్నాదిరా బావూ. ఆడు ఉన్నాడంటే నువ్వున్నావు. నేడంటే నువ్వు నేవు."

ఆ రాత్రి ఆచారి ఇంట్లో సంగతి చెప్తే గౌరమ్మ దేవుడికి దండం పెట్టింది. ఆ వెంటనే బిందె గుర్తొచ్చింది.

"పర్మినెంటయ్యేక మిమ్మల్ని పట్టుకోడం నావల్ల కాదు. ఈలోగానే తీసిపెట్టండి. తెల్లోడొచ్చే రోజున ఎలాగూ సొట్ట పని ఉండదు గదా?"

ఉత్సవం నాడు పొద్దున్నే ఆవిడ బిందె చేతికిచ్చి, తండ్రి నాటి కొయ్యసుత్తీ చెక్కదిమ్మా సంచిలో పడేసి మరీ పంపింది. ఆ పూట ఆచారికి వేసిన పని నమూనా విమానాన్ని తుడిచి మెరిపించడం. "తెల్లదొర కళ్ళు జిగేల్‌మనాలి," అన్నారు విశ్వపతి గారు. ఆచారి బూడిద జల్లెడ పట్టి తెచ్చాడు. తోక దగ్గర మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనాల వేళకు రెక్క దాకా వచ్చాడు. అందరూ కేంటీనుకు వెళ్ళారు. మందిరంలో ఎవరూ లేరు. రెక్క నీడలో కూర్చుని సద్ది తిన్నాడు. చెయ్యి కడుక్కుని బిందె ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఎన్నేళ్ళయిందో ఆ పని చేసి. దిమ్మ లోపల పెట్టి, బొటనవేలితో తడిమి, కొయ్యసుత్తితో ఒక్కో దెబ్బా మెత్తగా వేస్తూ పోయాడు. నాలుగు దెబ్బలకు సొట్ట దారిలోకి వచ్చింది. ఐదో దెబ్బకు 'టప్' మంది. బిందె నిండుగా, గర్భిణీ పొట్టలా నున్నగా తయారైంది. ఆచారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని తనలో తనే నవ్వుకున్నాడు.

లేచి స్టూలెక్కి మళ్ళీ రెక్క తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూ తుడుస్తూ ఆలోచనలో పడ్డాడు. పర్మినెంటైతే సంస్థ ఆసుపత్రిలో గౌరమ్మ మోకాలు చూపించొచ్చు. కాలనీలో పైపు ఉన్న ఇల్లిస్తారు. నూతి గొడవే ఉండదు. తెల్లాయన మంచివాడిలా ఉంటే బాగుండును. ఇలా అనుకుంటూ ఉండగా ఎడమ చెయ్యి తన దారిన తను రెక్క కింద మరమ్మతుల కోసం ఉంచిన చిన్న కిటికీలోకి దూరింది. ఎప్పుడు తీసుకున్నాడో, ఆ చేతిలో దిమ్మ ఉంది. కుడి చేతిలో కొయ్యసుత్తి ఉంది. బిందెకు పట్టిన ఊపు చేతుల్లోంచి ఇంకా దిగలేదు.

'టప్.'

ఆచారి కిందికి చూశాడు. చుట్టూ పసుపు ఉంది, కుంకుమ ఉంది. మధ్యలో సొట్ట లేదు. అద్దంలా చదునుగా ఉంది రెక్క. దగ్గరగా చూస్తే రెండు కందిగింజలంత సుత్తి మచ్చలు మాత్రం ఉన్నాయి.

మళ్ళీ పెట్టేద్దామంటే సొట్ట పెట్టే ఇనుపసుత్తి సుందరేశం గారి బీరువాలో ఉంది. దాన్ని సంతకం మీద తప్ప ఇవ్వరు. కొయ్యసుత్తితో ఒక దెబ్బ వేశాడు, రేకు నవ్వినట్టు మోగి ఊరుకుంది. ఇంతలో బయట బ్యాండుమేళం మొదలైంది. కారు తలుపులు చప్పుడయ్యాయి. ఆచారి బిందెను చంకన పెట్టుకుని విమానం తోక వెనక నిలబడ్డాడు.

ఆల్బర్ట్ థ్రాప్ ఎండుకర్రలాంటి ముసలాయన. మెడలో దండలు ముక్కు దాకా వచ్చాయి. చెప్పులు విప్పమంటే బూట్లు విప్పి మేజోళ్ళతో లోపలికి వచ్చాడు. విశ్వపతి గారు ఇంగ్లీషులో స్వాగతం చెప్పారు. దాన్ని కార్మికులకోసం సుందరేశం గారు తెలుగు చేశారు. ఆ తర్వాత పవిత్ర కొలత కార్యక్రమం. సుందరేశం గారు పట్టుపంచె సవరించుకుని స్టూలెక్కారు. సొట్టవైపు చూడనే లేదు. ఎన్నిసార్లు పోయలేదు గనక! అతిథి వైపు చిరునవ్వు చిందిస్తూ మొదటి ఉద్ధరిణి పోశారు.

నీళ్ళు రెక్క మీద జారి థ్రాప్ గారి మేజోళ్ళ మీద పడ్డాయి.

రెండోది పోశారు. అదీ అంతే. సుందరేశం గారు చిరునవ్వు అలాగే ఉంచుకుని కిందికి చూశారు. పసుపు, కుంకుమ, నున్నటి రేకు. మూడోది పోసే సమయానికి థ్రాప్ ఇదేదో గుడిలో తీర్థం లాంటిదనుకుని దోసిలి పట్టాడు. పట్టిన నీళ్ళు తాగి తడి చెయ్యి తలకు రాసుకున్నాడు. కార్మికులు గట్టిగా చప్పట్లు కొట్టారు.

ముసలాయన రెక్కను ప్రేమగా నిమిరాడు. ఏదో అన్నాడు.

"'ఎంత బాగా చూసుకున్నారు! మా ఫ్యాక్టరీలోంచి వెళ్ళిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది,' అంటున్నారు," అని సుందరేశం గారు తెలుగు చేశారు.

ఆయన ఇంకా ఏదో అడిగాడు. బయట వరసగా నిలిపిన కొత్త విమానాలవైపు వేలు చూపించాడు.

"'మరి అవేమిటి, అన్నిటికీ ఒకేచోట సొట్టలు పడ్డాయి? వడగళ్ళు పడ్డాయా?' అని... అని అడుగుతున్నారు."

వెనకనుంచి దాలినాయుడు అరిచాడు. "అయ్యా! ముందు మావోడి సంగతి అడగండయ్యా! సొట్టలెట్టేవోడు ఆళ్ళ కంపెనీలో ఉన్నాడా నేడా?"

ఆచారి బిందెను గట్టిగా పట్టుకున్నాడు. విశ్వపతి గారు అడిగారు. థ్రాప్ పకపకా నవ్వి చాలాసేపు చెప్పాడు. ఆ నవ్వు చూసి ఆచారికి ప్రాణం లేచి వచ్చింది. తెలుగు వినేసరికి మళ్ళీ పోయింది.

"'సొట్టలు పెట్టేవాళ్ళు మాకు బోలెడుమంది ఉండేవారు. దొరికిన రోజునే ఇంటికి పంపేసేవాళ్ళం,' అంటున్నారు. 'పెట్టేవాళ్ళకు హోదా లేదు గానీ, వాళ్ళు పెట్టినవి తీసేవాళ్ళకు పెద్ద విభాగమే ఉండేది. మంచి జీతం, పింఛను. మా కంపెనీలో అందరికంటే గౌరవం వాళ్ళకే,' అంటున్నారు."

అతిథిని విందుకు పంపి వెంటనే సమావేశం పెట్టారు. ఆచారి తలుపు దగ్గర నిలబడ్డాడు. మోసం చెయ్యడం ఆయన ఇంటావంటా లేదు. దండం పెట్టి చెప్పేశాడు.

"నానే తీసినాను బావూ. బుద్ది పూర్వకంగా కాదు. సెయ్యి తీసీసింది."

విశ్వపతి గారు సుందరేశం గారి వైపు చూశారు. సుందరేశం గారు గొంతు సవరించుకున్నారు.

"నువ్వు తీయలేదు నూకాచారీ."

"నానే బావూ. ఇదిగో సుత్తి."

"నమూనాను మార్చే అధికారం మాతృసంస్థకు తప్ప ఎవరికీ లేదు. రోజుకూలీకి అసలే లేదు. అధికారం లేనివాడు చేసిన పని జరిగినట్టు కాదు. జరగని పని నువ్వెలా చేస్తావు? కాబట్టి నమూనా మారలేదు. ఇప్పుడు ఎలా ఉందో ఎప్పుడూ అలాగే ఉంది."

"మరి ఇన్నాళ్ళూ మనం చేసిన విమానాలు?" అన్నారు విశ్వపతి గారు.

"అననురూపం. అన్నీ."

అందరికంటే ముందు, సంఘం తరఫున వచ్చిన దాలినాయుడు తేరుకున్నాడు. "అయితే ఆ సొట్టలన్నీ తియ్యాలి గదా? తీసేవోడి పోస్టు ఇంగ్లండులో ఉన్నాదని ఆయన నోటితోనే సెప్పినాడు గదా? మరి మా ఆచారి మావని అందులో ఎయ్యండి!"

ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక డిమాండులో దోషం దొరకక విశ్వపతి గారు దిగులుపడ్డారు. "కానీ పాత విమానాలు అయిపోతాయి. కొత్తవాటికి సొట్ట ఉండదు. తీసేందుకు ఏమీ లేనప్పుడు తీసేవాణ్ణి పెట్టుకున్నామని ఆడిట్‌వారు అభ్యంతరం చెబుతారు."

"ఉంటుంది," అన్నారు సుందరేశం గారు. జేబులోంచి భూతద్దం తీశారు. కళ్ళు మెరుస్తున్నాయి. "నమూనా రెక్కమీద రెండు సుత్తి మచ్చలు చూశాను. సొట్ట పడి, దాన్ని తీస్తేనే అలాంటి మచ్చలు వస్తాయి. నకలుకూ ఆ మచ్చలు ఉండాలి. అవి రావాలంటే ముందు సొట్ట పెట్టాలి. మూడు ఉద్ధరిణులు పట్టాలి. అనురూపం అని నేను ధ్రువీకరించాలి. ఆ తర్వాత తీయాలి. మళ్ళీ నేను ధ్రువీకరించాలి."

రెండుసార్లు ధ్రువీకరించే అధికారికి ఒక మెట్టు పై హోదా రావడం న్యాయం. అది అందరికీ అప్పుడే తట్టింది.

"ఏలండీ ఇదంతా?" అన్నాడు ఆచారి. "రేకు షెడ్డులోంచి నున్నగానే వస్తన్నాది గదా బావూ. అలగే ఒగ్గేస్తే?"

సుందరేశం గారు చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. "అలా వదిలేస్తే నువ్వు దేన్ని బాగుచేస్తావయ్యా? బాగుచెయ్యకపోతే నీకు ఉద్యోగం ఎక్కడిది?"

ఆచారికి గౌరమ్మ మోకాలు గుర్తొచ్చింది, పైపు ఉన్న ఇల్లు గుర్తొచ్చింది. తలూపాడు.

అలా లక్కోజు నూకాచారి పర్మినెంటయ్యాడు, సగం. సొట్ట తీసే హోదా ఇంగ్లండులో ఉంది కాబట్టి మధ్యాహ్నం నుంచి ఆయన సంస్థ ఉద్యోగి. పెట్టే హోదా అక్కడ లేదు కాబట్టి పొద్దుటి పూట రోజుకూలీ. పొద్దున్న వెనకగేటులోంచి రావాలి. మధ్యాహ్నం బయటికి వెళ్ళి యూనిఫారం వేసుకుని ముందుగేటులోంచి రావాలి. జ్వరం మధ్యాహ్నం వస్తే ఆసుపత్రిలో చూస్తారు. పొద్దున్న వస్తే మధ్యాహ్నం దాకా ఆగాలి.

కొత్త విమానాలు గాలిలో తిన్నగా వెళ్ళేవి. కుడివైపు ఒరగడం అలవాటైన పైలట్లు మాత్రం వాటిని కుడివైపు తిప్పుకుంటూ పోయి బయల్దేరిన చోటికే వచ్చేవారు. ఇంధనం ఆదా అని ప్రొఫెసరు గారు ఇంకో పుస్తకం రాశారు.

కొన్ని నెలలు గడిచాక ఇంకో చిక్కు వచ్చింది. పర్మినెంటు ఉద్యోగి ఎవరైనా సంస్థ ఆస్తికి నష్టం జరిగినట్టు గమనిస్తే బాధ్యుణ్ణి పట్టివ్వాలని రూలు. సొట్టను చూసి కూడా ఊరుకున్నందుకు మధ్యాహ్నపు ఆచారిని సంజాయిషీ అడిగారు. సస్పెండు చేస్తామన్నారు. ఏం చెయ్యాలో తోచక ఆయన దాలినాయుడి చేత రాయించి పొద్దుటి ఆచారి మీద ఫిర్యాదు ఇచ్చాడు. విచారణ జరిగింది. పొద్దుటి ఆచారి తప్పు ఒప్పుకున్నాడు. మళ్ళీ చెయ్యొద్దని హెచ్చరించి, మర్నాడు పొద్దున్నే రమ్మన్నారు, సొట్ట పెట్టడానికి.

అప్పట్నుంచి ఆచారి ఎవరితోనూ, దాలినాయుడితో కూడా, సరిగ్గా మాట్లాడటం మానేశాడు. కాలనీలో ఇల్లొచ్చింది. గదులు సగం, పైపులో నీళ్ళు మధ్యాహ్నం నుంచే. పొద్దుటికి గౌరమ్మ మళ్ళీ నూతికే వెళ్ళేది. పోనీలే, బిందె నున్నగా ఉంది గదా అని సరిపెట్టుకుంది.

ఒక ఆదివారం ఆవిడ బిందె తోమి ఎండలో బోర్లించింది. ఆచారి గుమ్మంలో కూర్చుని దానివైపే చూస్తున్నాడు. చూసి చూసి లేచాడు. బిందె పట్టుకుని నిమిరాడు. బొటనవేలు ఎక్కడా ఆగలేదు. అంత నున్నగా ఉంటే ఆయనకు మనసు మనసులో లేదు. లోపలికి వెళ్ళి రోకలి తెచ్చి బిందె పొట్టమీద ఒక్కటిచ్చాడు.

గౌరమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ఆచారి ఆవిడ వైపు చూడకుండా చెంబుతో ఆ సొట్టలో నీళ్ళు పోసి సరిచూసుకున్నాడు. తర్వాత కొయ్యసుత్తీ దిమ్మా తీసి కూర్చుని, మెల్లమెల్లగా, ఎంతో పొందికగా ఆ సొట్ట తీశాడు. 'టప్' మంది. రెండు కందిగింజలంత మచ్చలు పడ్డాయి. వాటిని వేలితో తడిమి, కళ్ళు మూసుకుని, "ఇప్పుడు సరి," అన్నాడు.

గౌరమ్మ బిందె అందుకుంది. మచ్చలు చూసింది. మొగుడి మొహం చూసింది.

"పొద్దుటోడు సొట్టెట్టినాడు. మద్దేనపోడు తీసినాడు," అంది. "ఇద్దరూ బాగానే ఉన్నారు. మరి నా మొగుడేడండీ?"